ఎఫెసీ 5:22 చదివించి నగలు అడుగుతున్నారు. లోబడడం అంటే ఇదేనా?

మల్కాజిగిరి సిస్టర్:
అందరికీ వందనాలు. పెళ్లయి ఆరేళ్లు. నాది హైటెక్ సిటీలో ఉద్యోగం. ఘట్‌కేసర్ దగ్గర ప్లాట్ కోసం నా నగలు బ్యాంకులో తాకట్టు పెట్టమంటున్నారు మా ఆయన. ముందు కాగితాలు లాయరుకు చూపిద్దాం అన్నాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లో 'స్త్రీలారా, మీ సొంత పురుషులకు లోబడియుండుడి' అన్న ఎఫెసీ 5:22 తీసి నాచేత పైకి చదివించారు. సగంలోనే గొంతు పూడుకుపోయింది. లోబడడం అంటే చూపించిన చోట సంతకం పెట్టడమేనా? నా జీతంలో దేవునికిచ్చే దశమభాగం (పదో వంతు) ఎవరు ఇవ్వాలి? మా అత్తగారు మధ్యలో వస్తే ఏం చెప్పాలి?

బొల్లారం పెద్దాయన:
అమ్మా, 22 దగ్గరే ఆగిపోతే ఎలా? 25 నుంచి చూడు, ఎక్కువ మాటలు భర్తకే. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించాలని. నేను రైల్వేలో 34 ఏళ్లు చేశాను. జీతం కవరు విప్పకుండా తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టేవాణ్ణి. పిల్లల పెళ్లిళ్లు, ఇల్లు అన్నీ ఆమె చేతి మీదుగానే అయ్యాయి. నా పెద్దరికం ఏం తగ్గలేదు.

నాచారం బ్రదర్:
ఏ చర్చ తీసినా పాఠం భర్తకే. ఈఎంఐ టెన్షన్ ఎవరిది? పండు ఇద్దరూ తిన్నారు, కానీ దేవుడు మొదట పిలిచి అడిగింది ఆదామునే. బాధ్యత నాది, మాట మాత్రం చెల్లకూడదంటే ఇల్లెలా నడుస్తుంది?

సికింద్రాబాద్ వేదాంతి:
నేను సెమినరీలో నాలుగేళ్లు గ్రీకు చదివాను, ఇప్పుడు నేర్పిస్తున్నాను. తెలిసి చెబుతున్నా. పీ46, వాటికన్ అనే పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో 22వ వచనంలో 'లోబడుడి' అన్న క్రియే లేదు. 21లో 'ఒకనికొకడు లోబడియుండుడి' అన్నదాని నుంచే అర్థం తెచ్చుకోవాలి. రెండూ విడదీసి చదవకూడదు.

నాచారం బ్రదర్:
అంటే మన తెలుగు బైబిల్ తప్పా? మా అమ్మమ్మకు చదువు రాదు, ఆ వాక్యం విని బతికింది. కొలొస్సయి 3:18లో క్రియ ఉందా, లేదా?

సికింద్రాబాద్ వేదాంతి:
ఉంది. తప్పని నేను అనలేదు. ఆ తర్వాతి వచనంలో భార్యలను నిష్ఠురపెట్టవద్దని భర్తలకూ ఉంది.

నాచారం బ్రదర్:
1 పేతురు 3:6 సంగతి? శారా అబ్రాహామును యజమానుడని పిలిచింది.

సికింద్రాబాద్ వేదాంతి:
ఆదికాండం 21:12. శారా మాట వినమని అబ్రాహాముతో దేవుడే చెప్పాడు.

ఉప్పల్ అక్క:
మీ ఇద్దరి పంతాల్లో అసలు అడిగిన పిల్లను వదిలేశారు. మా ఆయన చెయ్యి చేసుకున్నాడని సంఘ పెద్దల దగ్గరకు వెళ్లాను. 'లోబడు, మారతాడు' అని పంపేశారు. గాజు పగిలి మణికట్టు దగ్గర దిగింది. ఆ చెయ్యి కొంగులో దాచుకుని ఎడమ చేత్తో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకున్నాను. మీరు చెప్పిన 1 పేతురు 3లోనే 7వ వచనం ఆయనకు ఒక్కరూ చదవలేదు. భార్యను సన్మానించకపోతే భర్త ప్రార్థనలకే ఆటంకం అని ఉంది. 2005 గృహహింస చట్టం మనకూ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాచారం బ్రదర్:
అక్కా, కొట్టడాన్ని నేను ఎక్కడా సమర్థించలేదు. నన్ను వాళ్లతో కలపొద్దు.

ఉప్పల్ అక్క:
కలపలేదు తమ్ముడూ. 6 చదివినవాళ్లు 7 కూడా చదవాలంటున్నా.

తార్నాక కోడలు:
దశమభాగం మేం రెండు కవర్లలో వేస్తాం. మొదటి ఏడాది గొడవైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున రెండు కవర్లూ ఆయనే రాసిపెడతారు.

రామంతాపూర్ టీచరమ్మ:
సప్పీరాను ఎవరూ తలవలేదేం? అపొస్తలుల కార్యములు 5. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచి, భర్త అననీయ అబద్ధమాడి చనిపోయాడు. మూడు గంటలకు ఆమె వచ్చింది. పేతురు ఆమెను విడిగా అడిగాడు. భర్త చెప్పిన అబద్ధమే ఆమే చెప్పింది, ఆమే చనిపోయింది. భర్తతో ఒకటే మాట మీద ఉండడం ఆమెను కాపాడలేదు. సంతకం నీదైతే లెక్కా నీదే అమ్మా. సామెతలు 31:16లో గుణవతి కూడా పొలాన్ని చూశాకే తీసుకుంది.

ఎల్బీనగర్ రియల్టర్:
ప్లాటు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) లేఅవుటా, పంచాయతీదా? ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ కాగితం తీశారా? లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు) చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

నాచారం బ్రదర్:
దీనికి నేనూ ఒప్పుకుంటా. ఈసీ తీయకుండా కొనమని ఏ వాక్యమూ చెప్పలేదు.

మల్కాజిగిరి సిస్టర్:
నిన్న రాత్రి 21 నుంచి 33 వరకు చెరో వచనం చదివాం. 28 ఆయన వంతుకు వచ్చింది. తన సొంత శరీరంలా భార్యను ప్రేమించాలన్నచోట ఆగి, కాసేపు పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున ఈసీ తీయిద్దాం అన్నారు. నగల మాట ఇంకా తేలలేదు. అత్తగారి సంగతి మాత్రం మీరెవరూ చెప్పలేదు. రేపు ఆవిడ వస్తున్నారు.