రక్తం ఒలికిన చోట హైపో ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి?

వార్డు_ఇన్‌చార్జ్:
మాది 30 పడకల ఆసుపత్రి. క్యాజువాలిటీ, లేబర్ రూమ్, చిన్న ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఉన్నాయి. హైపో, అంటే క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్ ద్రావణం), 5 లీటర్ల క్యాన్లలో వస్తుంది. లేబుల్ మీద ఒకసారి 5 శాతం, ఇంకోసారి 10 శాతం ఉంటుంది. ఆయాలు మాత్రం ఏ క్యాన్ అయినా బకెట్‌కి ఒక మగ్గు చొప్పునే కలుపుతున్నారు. పొద్దున కలిపిందే నైట్ డ్యూటీ దాకా నడుస్తోంది. రక్తం ఒలికితే ముందు తుడవాలా, ముందు హైపో పోయాలా అంటే తలో మాట చెబుతున్నారు. రోజూ నేల తుడవడానికీ అదే సరిపోతుందా? ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో వరుసగా చెప్పే కాగితం) రాసి గోడకి అంటించాలి. కొలతలతో చెప్పండి.

మైక్రో_ల్యాబ్:
ముందు లెక్క. లేబుల్ మీది శాతాన్ని మీకు కావలసిన శాతంతో భాగించి, ఒకటి తీసేయండి. ఒక వంతు హైపోకి అన్ని వంతుల నీళ్లు. 1 శాతం కావాలంటే 5 శాతం క్యాన్ నుంచి 200 మి.లీ. హైపో, 800 మి.లీ. నీళ్లు. 10 శాతం క్యాన్ అయితే 100 మి.లీ. హైపో, 900 మి.లీ. నీళ్లు. లీటరు మగ్గుని 9 లీటర్ల నీళ్లలో పోస్తున్నారనుకుందాం. 10 శాతం క్యాన్ వచ్చిన నెల 1 శాతం తయారవుతుంది, 5 శాతం క్యాన్ వచ్చిన నెల అందులో సగమే. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, వాసన కూడా ఘాటుగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

లేబుల్ మీది అంకె ఫ్యాక్టరీలో నింపిన రోజుది. ఎండ తగిలినా, స్టోర్ రూమ్ వేడెక్కినా క్లోరిన్ తగ్గిపోతూనే ఉంటుంది. ఎండాకాలంలో నెలల సరుకు ఒకేసారి తెప్పించకండి. క్యాన్ మీద తెరిచిన తేదీ రాయండి. చన్నీళ్లలోనే, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోనే కలపండి. కలిపిన ద్రావణాన్ని షిఫ్ట్ మారగానే పారబోసి కొత్తది చేయడం మంచిది. 24 గంటలు దాటితే మాత్రం అస్సలు వాడకూడదు.

బలం చూడాలంటే క్లోరిన్ స్ట్రిప్ (ముంచితే రంగు మారే పరీక్ష కాగితం) ఉంది. 1 శాతం అంటే 10,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో పదివేల వంతులు). మామూలు స్ట్రిప్ అంత చూపించదు. ద్రావణం 1 మి.లీ. తీసి 99 మి.లీ. నీళ్లలో కలిపి ముంచండి, 100 పీపీఎం దగ్గర రంగు రావాలి.

ఐసీ_నర్స్:
తుడవడమా, పోయడమా అన్నదానికి: ముందు కప్పాలి. హెచ్చరిక బోర్డు పెట్టి, గ్లోవ్స్, మాస్క్, కళ్లద్దాలు, ప్లాస్టిక్ ఆప్రాన్ వేసుకోవాలి. గాజు పెంకులుంటే చేత్తో ముట్టుకోకుండా ఫోర్సెప్స్‌తో ఏరి నీలం డబ్బాలో, సూదులుంటే తెల్లటి పంక్చర్ ప్రూఫ్ డబ్బాలో వేయాలి. తర్వాత మరక కంటే వెడల్పుగా టిష్యూ గానీ పాత గుడ్డ గానీ పరిచి, 1 శాతం హైపోని అంచుల నుంచి మధ్యకి మెల్లగా పోయాలి. స్ప్రే వద్దు, తుంపర లేస్తుంది.

గడియారం చూసి 10 నిమిషాలు ఆగాలి. అందరూ తప్పుతున్నది ఇక్కడే. రక్తంలోని ప్రోటీన్ క్లోరిన్‌ని తినేస్తుంది, గడ్డకట్టిన చోట అడుగుదాకా మందు చేరదు. అందుకే కప్పిన గుడ్డని అంచుల నుంచి లోపలికి మడుస్తూ తీసి పసుపు సంచిలో వేశాక, అదే చోట తాజా హైపో రెండోసారి పోసి మళ్లీ 10 నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాతే మామూలు నీళ్లతో తుడవాలి. గ్లోవ్స్ ఎరుపు సంచికి, మాస్క్ పసుపు సంచికి. చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ మాప్‌ని మళ్లీ వార్డులో తిప్పకండి.

రోజువారీ నేలకి 1 శాతం అక్కర్లేదు. కారిడార్లకి డిటర్జెంట్ నీళ్లు చాలు. రోగులుండే చోట డిటర్జెంట్‌తో తుడిచాక 0.1 శాతం వాడండి: 10 లీటర్లు తయారు కావడానికి 5 శాతం క్యాన్ నుంచి 200 మి.లీ. మురికి నేల మీద నేరుగా హైపో తుడిస్తే మురికే దాన్ని ఖర్చు చేసేస్తుంది.

ఓటీ_టెక్:
ఎస్‌ఓపీలో ఈ ముక్క పెద్దక్షరాల్లో రాయండి: బాత్రూమ్ యాసిడ్‌తో హైపో కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూత్రం ఒలికినా మీద నేరుగా పోయొద్దు, ముందు గుడ్డతో పూర్తిగా పీల్చి తీసేయాలి. ఫార్మాలిన్ (శరీర భాగాల నమూనాలు నిల్వ చేసే ద్రావణం) దగ్గరికి కూడా హైపోని రానివ్వకండి. స్టీలు ట్రాలీ మీద వాడితే 10 నిమిషాలయ్యాక నీళ్లతో తుడిచేయాలి, లేదంటే గుంతలు పడతాయి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించాలి.

వార్డు_ఇన్‌చార్జ్:
చాలా థాంక్స్ అండి. మా ఆయాల్లో ఇద్దరికి చదవడం రాదు. 5, 10 తేడా వాళ్లకి ఎలా చెప్పాలి?

ఐసీ_నర్స్:
వాళ్లకి చెప్పాల్సిన అవసరమే రాకూడదు మేడమ్. పర్చేజ్ వాళ్లతో మాట్లాడి ఒకే బలం క్యాన్లు తెప్పించండి. 5 శాతమే అనుకుంటే, లీటరు ప్లాస్టిక్ డబ్బా మీద 800 దగ్గర ఒక గీత, 1000 దగ్గర ఇంకో గీత మార్కర్‌తో గీయండి. కింది గీత దాకా నీళ్లు, పై గీత దాకా హైపో. ఈ డబ్బా, ఒక సెట్ పీపీఈ (గ్లోవ్స్, మాస్క్, కళ్లద్దాలు, ఆప్రాన్), గుడ్డలు, ఫోర్సెప్స్, సంచులు కలిపి స్పిల్ కిట్‌గా క్యాజువాలిటీలో, లేబర్ రూమ్‌లో, ఓటీలో ఒక్కోటి పెట్టండి. స్టోర్‌లో తాళం వేసి ఉంచితే రాత్రి రెండింటికి ఎవరికీ దొరకదు.