'సూపర్ స్టాక్' కారులోని 'స్టాక్'ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 1960ల నాటి అమెరికన్ డ్రాగ్ రేస్ కార్ల మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. 'సూపర్ స్టాక్', 'ఫ్యాక్టరీ ఎక్స్‌పెరిమెంటల్', 'ఫన్నీ కార్' అనే మాటలు పదే పదే వస్తున్నాయి. స్టాక్ అంటే నిఘంటువులో నిల్వ, సరుకు, వాటా అని ఉంది. ఇక్కడ ఏదీ అతకడం లేదు. కార్ల సంగతి తెలిసినవారు కాస్త చెప్పగలరా?

జవాబు:
నమస్తే మేడమ్. ఈ మాట మెకానిక్ షెడ్డులో రోజూ వినబడేదే. సైలెన్సర్ మార్చావా అని అడిగితే మన కుర్రాళ్లు "లేదన్నా, కంపెనీదే" అంటారు. 'కంపెనీ ఫిట్టింగ్' అన్నా అదే. బైకుల మీద మోజున్నవాళ్లు 'స్టాక్ సైలెన్సర్' అని నేరుగానే వాడుతున్నారు. కంపెనీ ఎలా బిగించి పంపిందో అలాగే ఉన్నది, బయట ఎవరూ చెయ్యి పెట్టనిది అని అర్థం. రేసుల్లో కూడా స్టాక్‌కు మొదటి అర్థం ఇదే.

అయితే వ్యాసమంతటికీ ఈ ఒక్క అర్థం సరిపోదు. మీరు రాస్తున్న ఆ ఏడెనిమిదేళ్లలో ఆ మాట ఉన్నచోట ఉండలేదు. దాన్ని ఎవరు, ఎందుకు జరిపారో చెప్తేనే ఈ కార్లు పాఠకుడికి అర్థమవుతాయి.

డ్రాగ్ రేసులో రెండు కార్లు పక్కపక్కన ఆగి ఉంటాయి. లైటు పడగానే బయల్దేరి పావు మైలు, అంటే 1,320 అడుగులు, ముందు దాటినది గెలుస్తుంది. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఈ పోటీలకు నియమాలు రాసింది. షోరూములో ఎవరైనా కొనగలిగే కార్లకు అందులో వేరే తరగతులు పెట్టింది. అవే స్టాక్ తరగతులు, వాటిలో పైవి సూపర్ స్టాక్. ఆదివారం గెలిచిన కారు సోమవారం అమ్ముడవుతుందని డీలర్ల నమ్మకం. అందువల్ల ఊళ్లో కుర్రాళ్లు విప్పి బిగించే పనిని డెట్రాయిట్ కంపెనీలే నెత్తిన వేసుకున్నాయి.

1962లో క్రైస్లర్ తన డాడ్జ్, ప్లిమత్ కార్లకు 413 క్యూబిక్ అంగుళాల (ఇంజన్ సైజుకు అమెరికా కొలత ఇది) 'మాక్స్ వెడ్జ్' ఇంజన్ ఇచ్చింది. మరుసటి ఏడాది షెవర్లే ఇంపాలా జెడ్11 ముందుభాగం రేకులు అల్యూమినియంతో వచ్చాయి. పాంటియాక్ వాళ్లు బరువు తగ్గించడానికి కటాలినా ఫ్రేముకే పెద్ద పెద్ద రంధ్రాలు వేశారు. ఆ కార్లకు 'స్విస్ చీజ్' అని పేరు పడిపోయింది. 1963 మొదట్లోనే షెవర్లే, పాంటియాక్‌ల మాతృసంస్థ జనరల్ మోటార్స్ రేసులకు దూరంగా ఉండమని తన విభాగాలన్నిటికీ హుకుం జారీ చేయడంతో ఆ దారి మూసుకుపోయింది.

మీరు ఎక్కువ చోటు ఇవ్వాల్సింది 1964 నాటి ఫోర్డ్ ఫెయిర్‌లేన్ థండర్‌బోల్ట్‌కు. ఫెయిర్‌లేన్ మధ్యరకం కుటుంబాల కారు. షోరూములో దొరికే పెద్ద ఇంజన్ 289 క్యూబిక్ అంగుళాలది. అందులో 427 ఇంజన్‌ను ఇరికించారు. ఇరికించారనే రాయండి, ఎందుకంటే సస్పెన్షన్ దగ్గర మార్పులు చేస్తే తప్ప అది పట్టలేదు. ఈ పనిని ఫోర్డ్ తరఫున డియర్‌బోర్న్ స్టీల్ ట్యూబింగ్ అనే సంస్థ చేసింది. ముందున్న నాలుగు లైట్లలో లోపలి రెండూ తీసేసి ఆ రంధ్రాల నుంచి కార్బ్యురేటర్లకు గాలి గొట్టాలు వేశారు. బానెట్, ఫెండర్లు ఫైబర్‌గ్లాస్‌వి. రేడియో, హీటర్, కార్పెట్ లేవు. ఇలాంటివి సుమారు 100 కట్టారు. గ్యాస్ రోండా, బుచ్ లీల్ వంటి డ్రైవర్లు వాటితో ఆ ఏడాది పెద్ద పోటీలు గెలిచారు.

ఇది 'బయట ఎవరూ చెయ్యి పెట్టనిది' అనగలమా? అనలేం. అయినా రూలు ప్రకారం సూపర్ స్టాకే. ఎందుకంటే రూలు కారు రూపాన్ని పట్టించుకోవడం మానేసి లెక్క అడగడం మొదలుపెట్టింది: కంపెనీ ఇన్ని కార్లు కట్టి డీలర్ల ద్వారా అమ్మకానికి పెట్టిందా లేదా? పెడితే స్టాక్, లేకపోతే కాదు. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడు 'కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న' అని వివరించి, థండర్‌బోల్ట్ దగ్గరికి వచ్చేసరికి 'కంపెనీయే రేసుకని కట్టి అమ్మిన' అని మార్చండి. మధ్యలో స్టాక్ అనే మాటను అలాగే ఉంచండి.

ఇంకో సభ్యుడు:
'కర్మాగార నిర్మిత' అని ఒక్క మాటతో పోతుంది కదండీ? ఫన్నీ కారును 'హాస్య శకటం' అనవచ్చా?

జవాబు:
కర్మాగారంలో తయారుకాని కారు ఏముంది సార్? కంపెనీ తయారీనా, బయటి షెడ్డులో మార్చినదా అన్న తేడా ఆ మాటతో తెలియదు. 'కంపెనీ' అన్న మాటను మన జనం సరిగ్గా ఈ తేడా కోసమే వాడుతున్నారు. ఇంగ్లిష్ నుంచి వచ్చిందే అయినా ఆ అర్థం మనం ఇచ్చుకున్నదే.

ఫన్నీ కారుకు హాస్యం అసలు కుదరదు. అది 1965 సంగతి. ఆ ఏడు సూపర్ స్టాక్‌లో ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం బాడీ రేకులు కుదరవన్నారు. దానికి క్రైస్లర్ రెండు జవాబులు ఇచ్చింది. ఒకటి రూలుకు లోబడినది: స్టీలే, కానీ మామూలు కన్నా పలచని రేకు. వెనక సీటు లేదు. ముందు సీట్లు డాడ్జ్ వ్యానువి. 426 హెమీ ఇంజన్ (లోపల ఇంధనం మండే గది అర్ధగోళంలా ఉండేది) పెట్టారు. రెండోది సూపర్ స్టాక్ రూలును పక్కన పెట్టినది: వెనక చక్రాలను 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపారు. బరువంతా వెనక టైర్ల మీద పడి పట్టు దొరకాలని. చూసినవాళ్లకు కారు ఏదోలా కనబడింది. "లుక్స్ ఫన్నీ" అన్నారు, పేరు స్థిరపడింది. ఆ ఫన్నీలో నవ్వు లేదు, "ఏదో తేడాగా ఉందే" అన్న అనుమానం ఉంది. మన 'తేడా'కు ఈ రెండో అర్థం ఎంత బాగా అబ్బిందో చూడండి. వివరణలో 'తేడా కారు' అనండి, తర్వాత నుంచి ఫన్నీ కారే.

ఫ్యాక్టరీ ఎక్స్‌పెరిమెంటల్ అనేది 1962లో వచ్చిన తరగతి. కంపెనీ విడిభాగాలే, కానీ అసెంబ్లీ లైను మీద ఆ కలయికలో రానివి. 'కంపెనీ ప్రయోగం' అంటే చాలు.

ప్రశ్న అడిగినవారు:
చాలా బాగా అర్థమైందండీ. 1968 హెమీ డార్ట్ దగ్గర "రోడ్డు మీద నడపడానికి కాదు" అని కంపెనీయే హెచ్చరిక అతికించినట్టు ఉంది. అదీ స్టాకేనా?

జవాబు:
అవును మేడమ్, రూలు ప్రకారం అదీ స్టాకే. డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారాకుడాలకు హెమీ ఇంజన్ పెట్టే పనిని మిషిగన్‌లో హర్స్ట్ సంస్థకు అప్పగించారు. కార్లు రంగు కూడా పూర్తికాకుండానే డీలర్లకు వెళ్లాయి. కొన్నవాడు ఎలాగూ తన రేసు రంగులు వేయించుకుంటాడు కాబట్టి. షోరూములో కొనవచ్చు, రోడ్డు మీద నడపకూడదు, అయినా స్టాక్. ఈ పేరా రాసేటప్పుడు ఆ వైరుధ్యాన్ని సర్ది చెప్పకండి, పాఠకుడికి ఉన్నదున్నట్టు కనబడనివ్వండి.

హార్స్‌పవర్ అంకెల దగ్గర కూడా ఒక జాగ్రత్త. కారు బరువును కంపెనీ ప్రకటించిన హార్స్‌పవర్‌తో భాగించి తరగతి నిర్ణయించేవారు. అంకె తక్కువ చూపిస్తే సులువుగా గెలిచే తరగతిలో పడవచ్చు. 1968 మస్టాంగ్ 428 కోబ్రా జెట్‌కు ఫోర్డ్ చెప్పింది 335 మాత్రమే. ఆ ఏడు కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పోటీల్లో ఆల్ జోనీక్ ఆ కారుతోనే సూపర్ స్టాక్ గెలిచాడు. కంపెనీల అంకెలను నమ్మలేక అసోసియేషన్ తనే లెక్క సవరించడం మొదలుపెట్టింది. అందుకని '335 హార్స్‌పవర్ ఇంజన్' అనకుండా '335 అని ప్రకటించిన ఇంజన్' అనండి. 'అశ్వశక్తి' పాఠ్యపుస్తకంలో బాగుంటుంది, ఈ వ్యాసంలో హార్స్‌పవరే నప్పుతుంది.

ఇంకో సభ్యుడు:
అన్నా, కోపో కామారో గురించి కూడా చెప్పవా?

జవాబు:
కోపో అంటే సెంట్రల్ ఆఫీస్ ప్రొడక్షన్ ఆర్డర్ తమ్ముడూ. టాక్సీలు, పోలీసు బండ్లు గుత్తగా కావలసినవాళ్లు ప్రత్యేక మార్పులతో ఆర్డరు పెట్టే పద్ధతి. జనరల్ మోటార్స్ లోపలి కట్టుబాటు అప్పట్లో షెవర్లే కామారో లాంటి చిన్న కార్లలో 400 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్‌ను ఒప్పుకునేది కాదు. ఇలినాయ్ రాష్ట్రం లా హార్ప్‌లోని డీలర్ ఫ్రెడ్ గిబ్ ఈ ఆర్డర్ల దారిలో 1969కి 50 కార్లు అడిగాడు. పూర్తి అల్యూమినియం 427 ఇంజన్, జెడ్‌ఎల్1. సూపర్ స్టాక్‌కు అప్పుడు కావలసిన లెక్క కూడా 50. ఇంజన్ ఒక్కటే 4,000 డాలర్లు దాటింది, కారు మొత్తం 7,000 దాటింది. ఆ ధరకు గిబ్ అన్నీ అమ్ముకోలేక కొన్నిటిని కంపెనీకే తిప్పి పంపాడు. మొత్తం మీద 69 కట్టారు.

మేడమ్, మీ వ్యాసం 1970 దాకా వెళ్తే 'ప్రో స్టాక్' అనే కొత్త తరగతి ఎదురవుతుంది. బిల్ జెంకిన్స్ కామారోతో దాని మొదటి పోటీ గెలిచాడు. అక్కడ కారు బయటికి మాత్రమే కంపెనీ మోడల్‌లా కనిపిస్తుంది. ఆ స్టాక్‌కు 'కంపెనీ' అన్న వివరణ పెట్టకండి, పేరుగా వదిలేయండి.