బరువు తగ్గే వారపు ఇంజెక్షన్లు: డాక్టరు మందుల చీటీ రాశాక ఇంట్లో చూసుకోవాల్సినవి (బెజవాడ–గుంటూరు చర్చ)

పటమట_శ్రీను
వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు ఎన్ని కిలోలు తగ్గారు, ఎక్కడ ఎంతకు దొరికింది అన్నదే గోల. అది పక్కనపెడదాం. డాక్టరు టిర్జెపటైడ్ గానీ సెమాగ్లుటైడ్ గానీ రాశాక ఏం చూసుకోవాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది? రోజూ ఈ పనిలో ఉండేవాళ్లు చెబితే అందరికీ ఒకచోట ఉంటుంది.

కొత్తపేట_ఎండీ
చీటీకి ముందు సంగతి నుంచి మొదలుపెడతాను. బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ మధ్య లెక్క) 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి షుగరో బీపీనో ఉన్నవాళ్లకు ఈ మందు. పెళ్లికి నాలుగు కిలోలు తగ్గడానికి కాదు. మీకు గానీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే, మీకు ఎంఈఎన్ 2 అనే జబ్బు (వంశపారంపర్యంగా గ్రంథుల్లో గడ్డలు రావడం) ఉంటే ఇవ్వకూడదు. మామూలు హైపోథైరాయిడ్ అడ్డం కాదు, కానీ బరువు తగ్గేకొద్దీ థైరాక్సిన్ డోసు మారొచ్చు, టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. గతంలో పాంక్రియాస్ (క్లోమం) వాచి ఆసుపత్రిలో చేరినవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

మొదటి ఇంజెక్షన్‌కి ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్, లిపిడ్స్, టీఎస్‌హెచ్ చూడాలి. పొట్ట అల్ట్రాసౌండ్ అందరూ రాయరు, నేను రాయిస్తాను. పిత్తాశయంలో రాళ్లు ముందే ఉన్నాయో లేదో తెలిస్తే, తర్వాత నొప్పి వచ్చినప్పుడు వెతుకులాట సగం తగ్గుతుంది. షుగరు పాతదైతే కంటి రెటీనా పరీక్ష కూడా కావాలి. చక్కెర ఒక్కసారిగా పడితే రెటినోపతి (షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం) ముదిరే వీలుంది.

అసలు చిక్కు ఎక్కువగా పాత మాత్రలతోనే వస్తుంది. షుగరుకి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకునేవాళ్లకు గ్లిమిపిరైడ్ తగ్గించకపోతే పొద్దున పదకొండింటికల్లా షుగరు పడిపోయి చెమటలు, చేతులు వణకడం. మెట్‌ఫార్మిన్‌తో ఆ భయం లేదు. షుగరు మాత్రలే అయిన విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ వాడుతుంటే ఆపేయాలి. ఈ ఇంజెక్షనూ ఆ మాత్రలూ ఒకే దారిలో పనిచేస్తాయి, కలిపితే వచ్చే లాభం లేదు, డబ్బు దండగ. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) ఉన్నవాళ్లు మే నెలలో వాంతులు పట్టుకుంటే బీపీ జారి కళ్లు తిరిగి పడిపోతారు. ఇన్సులిన్ వాడేవాళ్లు యూనిట్లు ఎంత తగ్గించాలో మొదటి రోజే కాగితం మీద రాయించుకోవాలి.

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
డాక్టరుగారు చెప్పింది అయ్యాక మా కౌంటరు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. మౌంజారో (టిర్జెపటైడ్ బ్రాండు పేరు) 2025 మార్చిలో మన దేశానికి ముందు వయల్‌గా, అంటే చిన్న సీసాగా వచ్చింది, ఇంజెక్షన్ పెన్ను తర్వాత దిగింది. వయల్ ఏ డోసుదైనా లోపల 0.5 మి.లీ. ఉంటుంది, అది మొత్తం ఒక్కసారికే. తీసేది ఇన్సులిన్ సిరంజితో. మన షాపుల్లో రెండు రకాల సిరంజిలున్నాయి: ఎర్ర మూత యూ-40, నారింజ మూత యూ-100. యూ-100లో 0.5 మి.లీ. అంటే 50 గీత. యూ-40లో అదే 20 గీత. ఇంట్లో నానమ్మ ఇన్సులిన్‌కి వాడే ఎర్ర మూత సిరంజితో ‘20 గీత’ అని నేర్చుకుని, తర్వాత నారింజ మూత సిరంజితో కూడా 20 దగ్గరే ఆపితే లోపలికి వెళ్లేది 0.2 మి.లీ. అంటే 2.5 మి.గ్రా. వయల్‌లో 1 మిల్లీగ్రామే. ‘మందు పనిచేయట్లేదు’ అంటూ డోసు పెంచమనే ఫోన్లలో ఇదొక కారణం. సిరంజి రకం చీటీ మీదే రాయించుకోండి.

తీయడం ఎలాగంటే: సిరంజిలోకి 0.5 మి.లీ. గాలి లాగి, వయల్‌లోకి ఎక్కించి, బోర్లించి మందు లాగాలి. బుడగలుంటే గోటితో తట్టి పైకి పంపి వెనక్కి నెట్టేయాలి. పొట్ట మీదైతే బొడ్డుకి రెండు అంగుళాలు వదిలి, లేదా తొడ మీద. ప్రతి వారం చోటు మార్చాలి. ఇన్సులిన్ కూడా తీసుకునేవాళ్లు రెంటినీ ఒకే సిరంజిలో కలపకూడదు.

బ్రాడీపేట_బుల్లోడు
5 వయల్ కొని సగం సగం రెండు వారాలు లాగొచ్చా? ఖర్చు కలిసొస్తుందిగా.

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
వద్దండి. ఆ వయల్‌లో సూక్ష్మజీవులు పెరక్కుండా ఆపే ప్రిజర్వేటివ్ లేదు. ఒకసారి సూది గుచ్చాక వారం ఫ్రిజ్‌లో ఉంచినా అది శుభ్రమైన మందు కాదు. మిగిలింది పారేయడమే. జిమ్ముల్లో, బ్యూటీ క్లినిక్కుల్లో సిరంజిలో నింపి అమ్మేవాటి జోలికి అసలు వెళ్లొద్దు. పెట్టె, బ్యాచ్ నంబరు, బిల్లు మూడూ చేతికి రాకపోతే అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు.

బ్రాడీపేట_బుల్లోడు
మరి పెన్ను?

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
మౌంజారో క్విక్‌పెన్‌లో నాలుగు వారాల డోసులు, ఒక్కోటి 0.6 మి.లీ. ప్రతిసారీ కొత్త సూది, ప్రతిసారీ ముందు ప్రైమింగ్, అంటే కాస్త మందు బయటికి వదిలి చూడటం. సూది కొనలో చుక్క కనబడాలి. మీట పూర్తిగా నొక్కాక వెంటనే లాగేయకుండా నెమ్మదిగా ఐదు లెక్కపెట్టండి, లేకపోతే చర్మం మీద తడి మిగులుతుంది, అది మీ డోసే. వెగోవీ (సెమాగ్లుటైడ్ బ్రాండు) పెన్నులో అంకె సున్నాకి వచ్చాక ఆరు లెక్కపెట్టాలి, దానికి చుక్క పరీక్ష కొత్త పెన్ను మొదలుపెట్టేటప్పుడు చాలు. నాలుగు డోసులయ్యాక క్విక్‌పెన్‌లో కాస్త మందు కనిపిస్తుంది. అది ఐదో డోసు కాదు, ప్రైమింగ్ కోసం పోసింది. సూది తగిలించే ఉంచితే మందు కారిపోతుంది, గాలి దూరుతుంది.

సెమాగ్లుటైడ్ పేటెంట్ 2026 మార్చితో మన దగ్గర ముగిసింది కాబట్టి వేర్వేరు కంపెనీలవి దొరుకుతాయి, కంపెనీ మారినప్పుడల్లా పెన్ను మారుతుంది. పెన్ను తిప్పే క్లిక్కులు గుర్తుపెట్టుకోవద్దు, మిల్లీగ్రాములు గుర్తుపెట్టుకోండి.

గుణదల_లక్ష్మి
కరెంటు పోతే? మే నెలలో మా గదే 38 ఉంటుంది.

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
తెరవనిది 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. మధ్య అర మేలు. వెనక గోడకి ఆనిస్తే గడ్డకడుతుంది, తలుపులో పెడితే తీసిన ప్రతిసారీ వేడెక్కుతుంది. గడ్డకట్టినది కరిగి మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. మొదలుపెట్టిన క్విక్‌పెన్ 30 డిగ్రీల లోపు 30 రోజులు ఆగుతుంది. కానీ మన బెజవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా 30 డిగ్రీల గది ఎక్కడుందమ్మా? వాడుతున్న పెన్నునీ ఫ్రిజ్‌లోనే పెట్టండి. రెండు మూడు గంటల కోతకి తలుపు తెరవకపోతే చాలు. మట్టికుండలో పెట్టే పాత పద్ధతి రాయలసీమ పొడి గాలికి నయం, కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో కుండ అంతగా చల్లబడదు. షాపు నుంచి తెచ్చేటప్పుడు స్కూటీ డిక్కీలో వద్దు, ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి చేతిసంచిలో తీసుకెళ్లండి. ఐస్ నేరుగా పెన్నుకి తగలకూడదు.

కొత్తపేట_ఎండీ
డోసు గురించి. టిర్జెపటైడ్ 2.5 మి.గ్రా.తో నాలుగు వారాలు, తర్వాత 5. ఆపైన కావాలంటే కనీసం నాలుగేసి వారాల ఎడంతో 2.5 చొప్పున, గరిష్ఠం 15. బరువు కోసం సెమాగ్లుటైడ్ అయితే 0.25, 0.5, 1, 1.7, 2.4, ఒక్కో మెట్టు నాలుగు వారాలు. 2.5, 0.25 అనేవి కడుపుకి అలవాటు చేసే డోసులు. ఆ నెలలో బరువు కదలకపోతే గాభరా పడక్కర్లేదు.

నెల నిండిందని మెట్టెక్కాలని లేదు. టిర్జెపటైడ్ 5 మీద ఆకలి అదుపులో ఉండి వారానికి అరకిలో దిగుతుంటే అక్కడే ఉండండి. సర్‌మౌంట్-1 అధ్యయనంలో 72 వారాలకు 5 మి.గ్రా. తీసుకున్నవాళ్లే సగటున 15 శాతం తగ్గారు, 15 మి.గ్రా.తో 20.9. ఆ తేడా కోసం వాంతులు భరించాలా అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాలి.

వారం తప్పితే: టిర్జెపటైడ్ నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే వదిలేసి మామూలు రోజుకి. వెగోవీకి అయితే తర్వాతి డోసు రెండు రోజులకన్నా దూరంగా ఉంటే వేసుకోవచ్చు. రెండు మూడు వారాలు ఆగిపోతే పాత పెద్ద డోసుతో మొదలుపెట్టకండి, ముందు ఫోన్ చేయండి. మళ్లీ కింది మెట్టు నుంచి రావాల్సి ఉంటుంది.

పెసరట్టు_డైటీషియన్
ఈ మందుతో కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. రాత్రి పదింటికి తిన్న బిర్యానీ తెల్లారినా లోపలే ఉంటుంది, అందుకే పొద్దున కుళ్లిన గుడ్డు వాసన తేన్పులు. సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు ఇంకా ఘోరం. కారం కన్నా నూనె ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుకే ఆవకాయ ముక్క తిన్నా దాని మీద తేలే నూనె వదిలేయమంటాను. ఇంజెక్షన్ పడిన మర్నాడు, రెండో రోజు తేలిగ్గా తినండి. ఎనిమిది లోపు భోజనం ముగించాలి.

మన వరస మారాలి. పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం అని మూడు వాయిలు తినే అలవాటు మీద ఆకలి చచ్చిపోతే మిగిలేది అన్నమే, మాంసకృత్తులు ఉండవు. అప్పుడు కొవ్వుతో పాటు కండ పోతుంది. ముందు గుడ్డు, కూర, పప్పు, చివర గుప్పెడు అన్నం. దాదాపు 80 గ్రాముల మాంసకృత్తులు ఇలా వస్తాయి: రెండు గుడ్లు 12, 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టు 14, వండిన చికెన్ 100 గ్రాములు 27, 40 గ్రాముల కందిపప్పు 9, మూడు వందల గ్రాముల పెరుగు 10, గ్లాసు పాలు 7. చికెన్ తిననివాళ్లు 40 గ్రాముల ఎండు మీల్‌మేకర్ వేసుకుంటే 20. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తడమో, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటి వ్యాయామమో ఉండాలి. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే, నీళ్లు తాగకుండా వేసుకుంటే మరింత బిగుస్తుంది.

గుణదల_లక్ష్మి
గర్భనిరోధక మాత్ర వేసుకునేవాళ్లకు ఏమైనా?

కొత్తపేట_ఎండీ
మంచి ప్రశ్న. ఇది అడిగేవాళ్లు తక్కువ. టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు మాత్ర మీద ఆధారపడొద్దు, కండోమ్ కలపాలి. పీసీఓడీ ఉన్నవాళ్లలో బరువు తగ్గగానే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, అనుకోని గర్భాలు అక్కడే. పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లుటైడ్ రెండు నెలల ముందే ఆపాలి, టిర్జెపటైడ్ ఒక నెల ముందు.

ఆలస్యం చేయకూడనివి: పై పొట్టలో తగ్గని నొప్పి వీపులోకి పాకడం, దానితో వాంతులు. కుడి డొక్కలో నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం. ఒక కంటి చూపు హఠాత్తుగా మసకబారడం. వీటికి ఓపీ చీటీ కోసం పొద్దున దాకా ఆగకండి, రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏ ఆపరేషన్ ఉన్నా, ఎండోస్కోపీ అయినా సరే, మత్తు డాక్టరుకి ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పండి. రాత్రంతా ఉపవాసమున్నా కడుపులో అన్నం ఉండిపోయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

పటమట_శ్రీను
ఖర్చు? ఎన్నాళ్లు?

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
మౌంజారో వచ్చినప్పుడు వయల్ 2.5కి 3,500, 5కి 4,375. నాలుగు వారాలకి 14,000 నుంచి 17,500. సెమాగ్లుటైడ్‌కి ఇప్పుడు రెండు మూడు షాపుల్లో అడిగి చూడండి, కానీ ధర కోసం పెన్ను మార్చితే మిల్లీగ్రాములు సరిచూసుకుని మార్చండి.

కొత్తపేట_ఎండీ
ఆర్నెల్లు వాడి ఆపేద్దామనుకునేవాళ్లు ముందే ఇది తెలుసుకోవాలి. టిర్జెపటైడ్ మీద జరిగిన సర్‌మౌంట్-4 అధ్యయనంలో 36 వారాల తర్వాత మందు ఆపినవాళ్లకు తర్వాతి ఏడాదిలో, ఆపేనాటి బరువు మీద 14 శాతం తిరిగొచ్చింది. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్-1 అధ్యయనం కొనసాగింపులో మందు ఆపిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. బీపీ లాంటిదే ఇది, మందు ఆపితే మళ్లీ లేస్తుంది. అందుకే మూడు నెలలకు మాత్రమే సరిపోయే డబ్బుతో మొదలుపెట్టొద్దంటాను.

బ్రాడీపేట_బుల్లోడు
చివరిది: వాడిన సూదులు చెత్తబుట్టలో వేయొచ్చా?

గవర్నర్‌పేట_ఫార్మసిస్టు
వద్దు, పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటాయి. మూత గట్టిగా బిగిసే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. ముప్పావు నిండాక మీరు చూపించుకునే ఆసుపత్రిలో ఇచ్చేయండి.