నెలకెంత కట్టగలరు అని అడుగుతారు గానీ మొత్తం ధర చెప్పరు, బేరం ఎలా ఆడాలి?

మొదటి_కారు:
అందరికీ నమస్కారం. కొత్త కారు కొనడం మాకు ఇదే మొదటిసారి, ఇప్పుడున్నది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. మోడల్, రంగు అనుకున్నాం, టెస్ట్ డ్రైవ్ కూడా అయింది. నిన్న షోరూంలో మూడు గంటలు కూర్చున్నాం. ఎంతకు ఇస్తారని నేను అడిగిన ప్రతిసారీ "నెలకు ఎంత కట్టగలరు మేడం?" అని ఆయన నన్నే అడుగుతున్నారు. చివరికి ఒక కాగితం మీద ఈఎంఐ మాత్రం రాసిచ్చి, మేనేజర్‌ని ఒప్పించి తెచ్చాను, ఈ రోజు వరకే అన్నారు. పాత కారుకు మంచి రేటు ఇస్తామన్నారు. అడ్వాన్స్ కట్టమనేసరికి టెన్షన్ వచ్చి, రేపు చెబుతామని లేచి వచ్చేశాం. తప్పు చేశామా?

షోరూం_పాతకాపు:
తప్పేం లేదండీ, లేచి రావడమే మంచిదైంది. నేను ఆరేళ్లు కార్ల అమ్మకాల్లో ఉన్నాను, ఆ "నెలకు ఎంత" అనే ప్రశ్న మాకు నేర్పించి పంపేవాళ్లు. దానికి మీరు ఒక అంకె చెప్పారంటే ఇక కారు ధర, వడ్డీ, ఎన్నేళ్లు అనేవన్నీ వాళ్ల చేతిలోకి వెళ్లిపోతాయి. లెక్క చూడండి: 10 శాతం వడ్డీకి వెయ్యి అప్పు తీసుకుని 5 ఏళ్లలో తీరిస్తే నెలకు 21.25 చొప్పున మొత్తం 1,275 కడతారు. అదే 7 ఏళ్లకు పెడితే నెలకు 16.60కి దిగుతుంది, చవగ్గా వచ్చినట్టే ఉంటుంది, కానీ కట్టేది 1,394 దాటుతుంది. ధర పైసా తగ్గలేదు. వడ్డీ ఫ్లాట్ రేటా (అంటే చివరిదాకా మొదట తీసుకున్న అప్పు మొత్తం మీదే), తగ్గే అసలు మీదా అన్నది కూడా అడగండి, 5 ఏళ్లకు ఫ్లాట్ 7 శాతం అంటే నిజానికి పన్నెండున్నర శాతం దాకా పడుతుంది. బ్యాంకులో లోన్ సంగతి ముందే కనుక్కుని వెళితే ఈ గొడవే ఉండదు.

రేపు వెళ్లి ఒక్క మాటే అడగండి: అన్నీ కలిపి కారు నా చేతికి వచ్చేసరికి ఎంత, విడివిడిగా రాసివ్వండి అని. కారు ధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, కోటింగ్ (పెయింట్ మీద వేసే పూత), అన్నీ. కొత్త కారు మీద డీలర్‌కు మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు, లాభం ఎక్కువగా వచ్చేది ఈ కింద వరసల్లోనే. అందుకే ధరలో తగ్గించినట్టు తగ్గించి కోటింగ్‌లో లాగేస్తారు. అదే కాగితం ఇంకో ఇద్దరు డీలర్ల దగ్గర కూడా తీసుకోండి, అప్పుడు మీరు బేరం ఆడక్కర్లేదు, ఆ కాగితాలే ఆడతాయి. ఇక "ఈ రోజు వరకే" అన్నదానికి భయపడకండి. నెలాఖరుకు టార్గెట్ ఉంటుంది, ఇంకొక్క కారు అమ్మితే కంపెనీ నుంచి బోనస్ వచ్చే పరిస్థితి ఉంటే వాళ్లే మీకు ఫోన్ చేస్తారు.

రెండో_చేయి:
పై ఆయన చెప్పింది నిజం. నేను మోసపోయింది పాత కారు దగ్గర. కొత్తదాని మీద బాగా తగ్గించారని సంబరపడ్డాను, ఇంటికొచ్చి చూసుకుంటే ఆ తగ్గించినదంతా పాత కారు రేటులో కోసేశారు. బయట ఇద్దరు ముగ్గురికి చూపించి రేటు తెలుసుకోండి, కొత్త కారు ధర కాగితం మీదకు వచ్చేదాకా పాతదాని ఊసే ఎత్తకండి.

నెమ్మది_నడక:
ఒక్క విషయంలో ఒప్పుకోను. వెయిటింగ్ ఉన్న మోడల్ అయితే నెలాఖరు దాకా ఆగినా ఏమీ రాదు, మీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. అలాంటప్పుడు ధర మీద తల బాదుకోకుండా, అక్కర్లేని యాక్సెసరీస్ తీసేయమనండి చాలు. స్టాక్‌లో పడి ఉన్న కారైతే గట్టిగా అడగొచ్చు, కాకపోతే ఎప్పుడు తయారైందో చూడండి.

మొదటి_కారు:
చాలా థాంక్స్ అందరికీ. ఈ రోజు వెళ్లి విడివిడిగా రాసివ్వమన్నాను. మొదట మొహం మాడ్చుకున్నారు, తర్వాత ఇచ్చారు. అందులో కోటింగ్, నేను అడగని యాక్సెసరీస్ ప్యాక్, "హ్యాండ్లింగ్" అని ఒక ఛార్జీ ఉన్నాయి. ఇది దేనికని అడిగితే సరైన జవాబు లేదు, మూడూ తీసేశారు. నిన్నటి ఆఫర్ ఈ రోజు కూడా ఉంది! ఇంకో డీలర్ రేపు రాసిస్తానన్నారు. కారు స్టాక్‌లోనే ఉందట, తయారైన తేదీ ఎలా తెలుస్తుంది?

షోరూం_పాతకాపు:
డబ్బు కట్టకముందే ఆ కారు ఛాసిస్ నంబర్ (అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి) రాయించుకుని, తయారైన నెల, సంవత్సరం బిల్లు కాగితాల్లో చూపించమనండి. టైర్ల పక్కన కూడా నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. టైర్లు కారు కంటే కొంచెం ముందు తయారవడం మామూలే, మరీ ఏడాది తేడా ఉంటే మాత్రం అడగండి. పోయిన సంవత్సరం బండి అయితే అమ్మేటప్పుడు మీకూ ఒక ఏడాది పాతదిగానే లెక్క కడతారు, కాబట్టి ఆ తగ్గింపు ఇప్పుడే అడిగి తీసుకోండి.