మర్యాద బరువంతా ‘అండీ’ మీదే పడిందా?

ఇక్కడ పెళ్ళి పిలుపుల మాట మీద మొదలైన చర్చ “ఇప్పటి పిల్లలకి మాట మర్యాద తెలియదు” అనే దాకా వచ్చింది. నేను ఒప్పుకోను. మా కోనసీమ పిల్లలు హైదరాబాదులో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మర్యాద మానలేదు. మర్యాద ఉండే చోటు మారింది, అంతే. పాతవాళ్ళు దాన్ని క్రియలో పెట్టేవారు, అనకూడని మాటని తప్పించి చెప్పడంలో పెట్టేవారు. ఇప్పటివాళ్ళు వాక్యం చివర ‘అండీ’ తగిలిస్తున్నారు. ఒకప్పుడు పది మాటలు పంచుకున్న పని ఈ ఒక్క మాటే చేస్తోంది.

కాఫీ సంగతే చూడండి. మా అమ్మమ్మ ఇంటికొచ్చిన వాళ్ళతో “దయచేయండి, కాస్త కాఫీ పుచ్చుకోండి” అనేది. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి అది “తీసుకోండి” అయింది. మా పిల్లలు “కాఫీ తాగుతారా అండీ?” అంటారు. ‘పుచ్చుకోండి’లో పెట్టేవాళ్ళ బతిమాలింపు, పుచ్చుకునేవాళ్ళ గౌరవం రెండూ ఆ క్రియలోనే ఉన్నాయి. ‘తాగడం’ అందరూ అన్నిటికీ వాడే మాట, దానికి ఆ శక్తి లేదు. అందుకే పక్కన ‘అండీ’ నిలబడాల్సి వచ్చింది. పైగా “తాగుతారా?” అని అడిగితే వచ్చినవాళ్ళు మొహమాటానికి “వద్దండీ” అంటారు. “పుచ్చుకోండి” అన్నాక ఆ మాటకి సందే లేదు, గ్లాసు చేతిలోకి వచ్చేస్తుంది.

భోజనాల దగ్గర కూడా ‘వద్దు’ అనే మాట లేదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలండీ, చాలు” అనేవారు. అన్నాన్ని వద్దనకూడదు. బియ్యం అయిపోయాయి అనకుండా ‘నిండుకున్నాయి’ అనడం, దీపం ఆరిపోయింది అనకుండా ‘కొండెక్కింది’ అనడం లాంటివి ఇక్కడ అందరికీ తెలిసినవే, వాటిని వదిలేస్తాను.

నాకు ఎక్కువ బాధ కలిగించేది సెలవు తీసుకునే మాటలు పోవడం. మన వైపు గడప దాటేవాళ్ళు “వెళ్తాను” అనరు, “వెళ్ళొస్తాను” అంటారు. సాగనంపేవాళ్ళు “వెళ్ళిరండి” అంటారు. బయల్దేరుతున్న మనిషిని “ఎక్కడికి?” అని అడగరు, “ఎందాకా?” అనో “దూరమా?” అనో అడుగుతారు. ఇంతవరకూ పిల్లలకీ కొంత తెలుసు. తెలియనిది దీనికి రెండో వైపు. ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకి వెళ్తే, వచ్చేటప్పుడు “వెళ్ళొస్తాం” అనకూడదు. చెప్పకుండా లేచి వచ్చేయాలి. ఆ ఇంటివాళ్ళూ “మళ్ళీ రండి” అనరు, గుమ్మం దాకా వచ్చి సాగనంపరు.

ఈ మధ్య రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో అలాంటి ఇంటికి వెళ్ళాం. మాతో వచ్చిన కుర్రాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, మంచివాడు. లేచేటప్పుడు ఆ పెద్దావిడ ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, “వెళ్ళొస్తామండీ మామ్మగారూ, జాగ్రత్తండీ” అన్నాడు. అరుగు మీద ఉన్న పెద్దల ముఖాలు మారిపోయాయి. ఒకాయన లేచి “పద బాబూ, పద” అని అతని రెక్క పట్టుకున్నాడు. ఆ మామ్మగారు మాత్రం “రా నాయనా, రాకపోతే ఎలా” అంది. అతని మాటలో ‘అండీ’ రెండుసార్లు ఉంది, ‘గారు’ ఉంది, ప్రేమ ఉంది. అక్కడ ఏమీ అనకపోవడమే మర్యాద అని అతనికి ఎవరు చెప్పారు? పరీక్షలనీ, ట్యూషన్లనీ మనమే పిల్లల్ని చావు ఇళ్ళకి తీసుకెళ్ళడం మానేశాం. ఆ తప్పు వాళ్ళ మీద వేయకూడదు.

ఇక థాంక్స్, సారీ. వీటి మీద కొందరు పెద్దలకి చాలా కోపం ఉంది. మనవడు “థాంక్స్ తాతా” అంటే “మనలో మనకి థాంక్సులేమిట్రా” అంటారు. వాళ్ళ లెక్కలో సాయం చేసిన చిన్నవాడికి “చల్లగా ఉండు నాయనా” అని దీవెన ఉంది, సాటివాళ్ళకి “మీ మేలు మర్చిపోలేను” ఉంది, ఇబ్బంది పెట్టే ముందు “ఏమనుకోకండి” ఉంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఏదీ చెప్పక్కర్లేదు, చెబితే దూరం పెట్టినట్టు. ధన్యవాదాలు సభల్లో చెప్పే మాట, పాలు పోసే అమ్మాయితో ఎవరూ అనరు. అయితే గమనించండి, మా పిల్లలు పెద్దవాళ్ళతో ఒట్టి “థాంక్స్” అనరు. “థాంక్సండీ”, “సారీ అండీ”, “ఓకే అండీ” అంటారు. ఎంత ఇంగ్లీషు మాటైనా డెల్టాలో ‘అండీ’ తోడు లేకపోతే పొడిగానే వినిపిస్తుంది.

నాన్నని ‘మీరు’ అనడం, అమ్మని ‘నువ్వు’ అనడం మా తరం అలవాటు. ఇప్పుడు ఇద్దరూ నువ్వే. ఇందులో నాకేమీ లోటు కనిపించదు. కానీ “మాస్టారు వచ్చారు” అనాల్సిన చోట “సార్ వచ్చాడు” అంటే మాత్రం చెవికి తగులుతుంది. తెలంగాణలో “సార్ వచ్చిండు” అంటే అందులో అమర్యాద ఏమీ లేదు, అక్కడి వరస వేరు. మన దగ్గర వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి కాబట్టి మెట్టు దిగితే తెలిసిపోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట దాచిపెట్టడం న్యాయం కాదు. పాత మర్యాద చాలా సున్నితమైనది, కానీ అందరిదీ కాదు. ‘దయచేయండి’, ‘పుచ్చుకోండి’ లోపలికి రానిచ్చే వాళ్ళకే. ఆసామి ఇంట్లో పదేళ్ళ పిల్లాడు తాత వయసున్న పాలేరుని పేరు పెట్టి “ఒరే” అనేవాడు. ఆ ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని “ఆయ్, చిత్తం బాబుగారూ” అనేవాడు. అదే పాలేరు కాఫీ తాగినా ఎవరూ “పుచ్చుకున్నాడు” అనలేదు. యూరప్ భాషల్లో నువ్వు, మీరు లాంటి సర్వనామాల మీద బ్రౌన్, గిల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1960లో రాశారు: పూర్వం అవి ఎక్కువ తక్కువల్ని చూపించేవి, తర్వాత దగ్గర దూరాల్ని చూపించడం మొదలుపెట్టాయని. మన ‘మీరు’ కూడా ఆ దారిలోనే నడుస్తోందని నాకనిపిస్తుంది. ఇవాళ రావులపాలెం బస్టాండులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి బొండాలు కొట్టే అతన్ని “ఎంతండీ?” అని అడుగుతుంది, అతనూ ‘అండీ’తోనే ధర చెబుతాడు. ఎవరి కులం ఏమిటో ఆ ‘అండీ’లో వినిపించదు. క్రియలు పోయినందుకు బాధ ఉన్నా, ఈ ఒక్కదానికి కొత్త తరానికి నా ఓటు.

‘ఆయ్’ గురించి కూడా అడగాలని ఉంది. సినిమాల్లో అదేపనిగా నవ్వులకి వాడేసరికి, హాస్టళ్ళలో తోటివాళ్ళు ఏడిపిస్తున్నారని పిల్లలు దాన్ని వదిలేస్తున్నారు. భయంతో పలికిన ‘ఆయ్’ పోతే మంచిదే. సాటివాళ్ళ మధ్య “అలాగేనండీ” అన్నట్టు ఆప్యాయంగా పలికే ‘ఆయ్’ వేరు, అది పోకూడదు. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్ళు చెప్పండి, మీ ఇళ్ళలో ఇరవై ఏళ్ళవాళ్ళు ‘ఆయ్’ అంటున్నారా? పరామర్శ నుంచి ఎలా లేచి రావాలో మీ పిల్లలకి ఎవరైనా చెప్పారా?