ఎర్టిగాకని కొన్న పాత టర్బో స్విఫ్ట్‌ది వచ్చింది, అమ్మినతను వాపసు తీసుకోనంటున్నాడు. ఏం చేయాలి?

ఖమ్మం ఎర్టిగా:

అన్నలందరికీ నమస్కారం. నాది 2014 ఎర్టిగా వీడీఐ, ఎల్లో ప్లేటు. నేనే నడుపుకుంటా, భద్రాచలం, పర్ణశాల ట్రిప్పులే ఎక్కువ. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పార్టు) పోయింది. ఎత్తు ఎక్కాలంటే బండి లాగట్లేదు, వెనక నీలం పొగ, ఆయిల్ తాగేస్తోంది. కొత్తది కొనే పరిస్థితి లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఢిల్లీ షాపతని దగ్గర పాతది 14,500కి తీసుకున్నా. ప్రకటనలో "1.3 డీడీఐఎస్ టర్బో, స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, సియాజ్ అన్నిటికీ సెట్" అని ఉంది. డబ్బు కొట్టకముందే ఆర్‌సీ ఫొటో పెట్టి నా బండికి పడతదా అని అడిగా. పక్కాగా పడుతుందని చాట్‌లో జవాబిచ్చాడు.

పెట్టె వచ్చాక నా పాతదీ ఇప్పుడొచ్చినదీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి రాడ్లే వేరుగా ఉన్నాయి. మా మెకానిక్ "బోల్టులు నేను కలుపుతా, వాల్వ్ డమ్మీ చేసి (పని లేకుండా చేసి) నడిపిద్దాం" అంటున్నాడు. నాకు ధైర్యం చాలట్లేదు. అమ్మినతనేమో "ఇంజిన్ ఒకటే, మీవాడికి బిగించడం రాదు, పార్టు కండిషన్‌లో ఉంది" అని ఒకటే మాట. కావాలంటే 40 శాతం కోసుకుని మిగతాది ఇస్తాడట, రవాణా కూడా నాదేనట. టాక్సీ బండికి కన్స్యూమర్ కేసు నడవదని కూడా బెదిరించాడు. నాకు కొట్లాట వద్దు, డబ్బు తిరిగొస్తే చాలు. దారి చెప్పండి.

ఆటోనగర్ టర్బో పని, విజయవాడ:

తమ్ముడూ, ముందు మీ మెకానిక్ చెయ్యి ఆపు. ఆ టర్బో ఇంజిన్ మీద బిగించనివ్వొద్దు. ఒక్కసారి దాన్లోకి ఆయిల్ వెళ్లి, మసి పట్టిందంటే అది నీ సామాను అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోరు.

అమ్మినతని మాటలో సగం నిజముంది. రెండూ ఫియట్ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్లే (మారుతి పేరు డీడీఐఎస్), రెండూ 1248 సీసీ. తేడా టర్బో దగ్గరే మొదలవుతుంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లకు ఇచ్చింది 75 పీఎస్ పవరు, 190 ఎన్‌ఎం టార్కు (లాగే బలం) ట్యూను, వాటిది మామూలు ఫిక్స్‌డ్ టర్బో. ఎర్టిగా, ఎస్‌ఎక్స్4, సియాజ్, బ్రెజాలకు 90 పీఎస్, 200 ఎన్‌ఎం. వీటికి వీజీటీ, అంటే లోపల రెక్కలు కదిలే టర్బో. వీజీటీలో టర్బైన్ చక్రం చుట్టూ సన్నటి రెక్కలుంటాయి. వాటన్నిటినీ ఒక రింగు పట్టుకుని ఉంటుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పినట్టు వాక్యూమ్ లాగితే రాడ్డు ఆ రింగును తిప్పుతుంది. ఆర్‌పీఎం తక్కువున్నప్పుడు రెక్కలు దగ్గరపడి పొగ వేగంగా చక్రానికి తగులుతుంది, అందుకే ఎర్టిగా కింద నుంచే లాగుతుంది. స్విఫ్ట్ దాంట్లో రెక్కలుండవు. ఒక చిన్న తలుపు ఉంటుంది, వేస్ట్‌గేట్. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువైతే గాలి తోపుకి ఆ తలుపు తెరుచుకుంటుంది, అంతే.

ఇది నువ్వే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. సూది తీసేసిన పెద్ద సిరంజికి రబ్బరు పైపు తగిలించి యాక్చుయేటర్ డబ్బాకు (రాడ్డును కదిలించేది) పెట్టు. పిస్టన్ వెనక్కి లాగు. నీ పాత టర్బో యాక్చుయేటర్ బాగుంటే రాడ్డు కదులుతుంది. కొత్తగా వచ్చింది కదలదు. రెంటినీ ఒకే వీడియోలో తీయి. తర్వాత కంప్రెసర్ హౌసింగ్ (గాలి లాగే వైపు డొప్ప) మీద చిన్న రేకు పట్టీ, అదే నేమ్‌ప్లేట్, ఉంటుంది, పెట్రోల్ గుడ్డతో తుడిచి ఫొటో తీయి. నా బెంచీ మీదికి వచ్చేవాటిలో స్విఫ్ట్ దాని మీద కేపీ35 అనీ, వీజీటీ మీద బీవీ35 అనీ ఉంటుంది. గుడ్డతోనే తుడువు, ఎమరీ పేపర్ వాడితే అక్షరాలు పోతాయి.

మీ మెకానిక్ అన్నట్టు డమ్మీ చేసి నడిపితే బండి స్టార్ట్ అవుతుంది, టీ కొట్టు దాకా బాగానే వెళ్తుంది. బరువెక్కించి ఎత్తు ఎక్కితే ఈసీయూ అడిగిన బూస్టు ఒకటి, వచ్చేది ఇంకొకటి. బూస్టు తక్కువని చెప్పే పీ0299 కోడు పడి, బండి లింప్ మోడ్‌లోకి (పవరు తగ్గించేసి నడిచే స్థితిలోకి) పోతుంది. కిరాయి మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండికి అలాంటి పని చేయకూడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. అతనికి రాసేటప్పుడు "పార్టు పాడైంది" అని ఒక్క మాట కూడా రాయొద్దు. అది మంచి టర్బోనే అయ్యుండొచ్చు, ఏదో స్విఫ్ట్‌కి హాయిగా పనికొస్తుంది. నీ వాదన అది కాదు. "ఎర్టిగాకు పడుతుందని అమ్మావు, ఇది ఎర్టిగాది కాదు", ఇదొక్కటే. రెండూ కలిపావంటే అతను షాఫ్ట్ (చక్రం తిరిగే ఇరుసు) తిప్పి వీడియో పెట్టి, చూడండి బాగానే ఉంది అంటాడు, గొడవ అక్కడే చిక్కుకుపోతుంది. నేను చూసిన పేచీల్లో ఎక్కువ చెడేది ఇక్కడే.

పాత సామాను వ్యాపారం, వరంగల్:

అమ్మేవాడి వైపు నుంచి ఒక మాట. మేం వాపసు అంటే భయపడేది ఒక్కదానికే: మంచి టర్బో పంపితే, తన చచ్చిన టర్బో పెట్టెలో పెట్టి తిరిగి పంపేవాళ్లున్నారు. అందుకే పంపేముందు పెయింటుతో గుర్తు పెడతాం. మీ పార్టు మీదా ఏదో ఒక గుర్తు ఉంటుంది, వెతకండి. ఆ గుర్తు, సీరియల్ నంబరు, తుడవకముందున్న మసి, అన్నీ కనిపించేలా ఫొటోలు పంపితే అతని అనుమానం సగం తగ్గుతుంది. ఇంకోటి, మార్చి పంపుతానంటే ఒప్పుకోకండి. నేమ్‌ప్లేట్ ఫొటో ముందు చూపిస్తేనే మాట్లాడండి.

కోర్టు గుమాస్తా, నల్గొండ:

టాక్సీ మాట పట్టించుకోవద్దండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొనుక్కుని వాడుకునేది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. బండి మీరే నడుపుకుంటున్నారని చూపించండి.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును మార్కెట్‌ప్లేస్‌లో అమ్మిన వ్యాపారి వెనక్కి తీసుకోననకూడదు. ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందు అక్కడ పెట్టండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ కాకపోతే ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు, మీరుండే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇంట్లో పడున్న పాత టర్బో ఒకటి అమ్ముకున్న, వ్యాపారి కాని మామూలు మనిషికి ఆ నియమాలు వర్తించవు గానీ, మీరు కొన్నది షాపు దగ్గర కదా.

ఆర్‌సీ పెట్టి అడిగిన చాట్ మీకు పెద్ద బలం. బండి ఏదో చెప్పి, అతని మాట నమ్మి కొన్నారు. 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ఇలాంటి సందర్భానికే ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్ ఈ పూటే తీసి పెట్టుకోండి, మార్చేస్తే మళ్లీ దొరకదు.

ఖమ్మం ఎర్టిగా:

అన్నా, మీరు చెప్పినట్టే సిరంజి వీడియో తీశా. మా పాతదాని రాడ్డు కదిలింది, వచ్చినది కదల్లేదు. పట్టీ మీద కేపీ35 అనే ఉంది. హౌసింగ్ కింద పసుపు పెయింటు చుక్క కూడా దొరికింది. మూడూ కలిపి, పాడైందని అనకుండా, "ఎర్టిగాది కాదు" అని మాత్రమే రాసి పంపా. వెబ్‌సైటులోనూ అదే పెట్టా. షాపతను ఫోన్ చేశాడు, గొంతు మారింది. ఎవరో కుర్రాడు ప్రకటన రాశాడట. 14,500 పూర్తిగా ఇస్తానన్నాడు. వెనక్కి పంపే ఛార్జీ సగం సగం అన్నాడు, సరేనన్నా. పార్టు అందాక డబ్బు వేశాడు. ప్రకటనలో ఎర్టిగా, సియాజ్ పేర్లు తీసేశాడు కూడా. మీ అందరి మేలు మర్చిపోను. ఇప్పుడు చెన్నై పుదుపేటలో బీవీ35 ఒకటి చూశా, నేమ్‌ప్లేట్ ఫొటో పంపారు. తీసుకోనా?

ఆటోనగర్ టర్బో పని, విజయవాడ:

సంతోషం తమ్ముడూ. ఫొటోతో పాటు షాఫ్ట్ ముక్కు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగే వీడియో అడుగు. పక్కకి కొంచెం ఆడితే ఫర్వాలేదు, ముందుకీ వెనక్కీ ఆడితే వదిలెయ్. వచ్చాక బిగించేముందు ఆయిల్ ఫీడ్ పైపు కొత్తది వేయించు, పాతదాన్లో మసి గట్టిపడి ఉంటే ఇది కూడా అలాగే పోతుంది. ఇంటర్‌కూలర్‌లో (టర్బో గాలిని చల్లబరిచేది) చేరిన ఆయిల్ దింపేయించు. ఫీడ్ రంధ్రంలో ఆయిల్ పోసి చేత్తో చక్రం తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయించు. మొదట కాసేపు రేస్ ఇవ్వొద్దని మీ మెకానిక్‌కి చెప్పు.