ఐటీఓ గాజు, సీడీ4007తో చేసిన పీహెచ్ సెన్సర్: గ్లాసులో బాగుంది, రొయ్యల చెరువులో నిలవట్లేదు

ఉండి_కాలువ:
అందరికీ నమస్కారమండీ. ప్రాజెక్టు కోసం ఎక్స్‌టెండెడ్ గేట్ ఫెట్ (పీహెచ్ పసిగట్టే పూతని ట్రాన్సిస్టర్ బయట పెట్టి, వైరుతో దాని గేటుకి కలిపే సెన్సర్) కట్టాం. ఐటీఓ (కరెంటు పారే ఇండియం టిన్ ఆక్సైడ్) పూసిన గాజు ముక్కని షీల్డ్ వైరుతో సీడీ4007 అనే ట్రాన్సిస్టర్ల చిప్పులో 3వ పిన్నుకి, అంటే గేటుకి కలిపాం. 4 సోర్స్, 5 డ్రెయిన్. 4, 7 పిన్నులు గ్రౌండుకి, 14 ఐదు వోల్టులకి. డ్రెయిన్ దగ్గర 0.2 వోల్టులు. రిఫరెన్సుగా, అంటే కదలకుండా ఉండాల్సిన పోలిక ఎలక్ట్రోడుగా, క్లోరైడ్ పూత పట్టించిన వెండి తీగని నేరుగా నీళ్లలో ముంచి 2.5 వోల్టులు ఇస్తున్నాం. పీహెచ్ 4.01, 7.00, 10.01 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ఒక్కో పీహెచ్‌కి 54 మిల్లీవోల్టుల వాలు వచ్చింది. భీమవరం దగ్గర వనామి చెరువులో పెడితే రెండు సమస్యలు. కాలువ నీళ్లు పెట్టి ఉప్పు సగానికి తగ్గాక, గాజు ప్రోబ్ మీటరు కంటే మాది 0.3 ఎక్కువ చూపిస్తోంది. ఏరేటర్లు వేయగానే రీడింగు ఎగురుతోంది. ఐటీఓ పాడైనట్టా?

వశిష్ఠ_గట్టు:
ఐటీఓ జోలికి పోకండి, తప్పు వెండి తీగది. 1970లో బెర్గ్‌వెల్డ్ ఇస్‌ఫెట్‌ని (నీళ్లలోని అయాన్లని పసిగట్టే ట్రాన్సిస్టర్‌ని) ప్రకటించినప్పట్నుంచీ చాలామంది పొరబడేది ఇక్కడే: మామూలు ట్రాన్సిస్టర్ రకమైన మాస్‌ఫెట్‌లో లోహపు గేటు తీసేశాం కాబట్టి ఎలక్ట్రోడు పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ గేటు పని నీళ్లలోని రిఫరెన్స్ ఎలక్ట్రోడుకి వచ్చింది. ఆక్సైడు పైనున్న హైడ్రాక్సిల్ గుంపులు పీహెచ్‌ని బట్టి ప్రోటాన్లని పట్టుకుంటాయి, వదులుతాయి. ఆ ఉపరితల వోల్టేజి మారినంత మేరా ఛానెల్ (ట్రాన్సిస్టర్ లోపల కరెంటు పారే దారి) కరెంటు మారుతుంది. నీళ్ల పొటెన్షియల్ కదిలినా ఛానెల్‌కి అచ్చం అలాగే కనబడుతుంది. ఏది కదిలిందో ట్రాన్సిస్టర్ చెప్పలేదు.

పూత పట్టిన తీగ ఒంటరిగా ఉంటే అది క్లోరైడ్ ఎలక్ట్రోడే. క్లోరైడ్ పదింతలు మారితే 25 డిగ్రీల దగ్గర దాదాపు 59 మిల్లీవోల్టులు కదులుతుంది. సగానికి తగ్గితే 18. మీ 54 వాలుతో 18ని భాగిస్తే 0.33. దిశ కూడా సరిపోయింది: తీగ పొటెన్షియల్ పెరిగితే నీళ్లది తగ్గుతుంది, గేటుకి అది పీహెచ్ పెరిగినట్టే. ఇంకో మాట. బఫర్లలో సాధారణంగా క్లోరైడ్ ఉండదు, కాబట్టి ఆ 54ని కూడా ఇప్పుడే నమ్మొద్దు.

తీగని దాని క్లోరైడ్‌తో సహా ఒక గొట్టంలో బంధించండి. 22.4 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ని నీళ్లలో కరిగించి మొత్తం 100 మి.లీ. చేస్తే 3 మోలార్. అందులో చిటికెడు సిల్వర్ క్లోరైడ్ వేసి కలిపి ఉంచండి, లేకపోతే తీగ మీది పూత మెల్లగా కరిగిపోతుంది. అదే ద్రావణంలో 3 శాతం అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) మరిగించి, గొట్టం కింది కొసన సెంటీమీటరు మందాన బిరడాలా గడ్డకట్టించండి. లోపల గాలిబుడగ ఉండకూడదు. పూత కోసం తీగని ఇసుక కాగితంతో రుద్ది, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పాజిటివ్‌గా పెట్టి, చదరపు సెం.మీ.కి 1 మిల్లీఆంపియర్ చొప్పున పావుగంట పంపితే ముదురు గోధుమ రంగు సమంగా వస్తుంది. ఒకేలాంటివి రెండు చేసి ఒకే గ్లాసులో ముంచి మీటరు పెట్టండి. తేడా 2 మిల్లీవోల్టులు దాటితే పూత మళ్లీ వేయండి.

మోటారు_షెడ్డు:
ఏరేటర్ సంగతి వేరు. మోటారు వైండింగ్ నుంచి కొద్దిగా కరెంటు నీళ్లలోకి లీకవుతుంది. మీ బోర్డు ల్యాప్‌టాప్ ఛార్జరు గుండా ఎర్త్‌కి కలిసి ఉంటే, ఆ కరెంటు వెళ్లే దారి మీ రిఫరెన్సే. అగర్ బిరడా నిరోధం 10 కిలోఓమ్‌లు అనుకుంటే, 1 మైక్రోఆంపియర్ పారినా 10 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 0.2 పీహెచ్. ముందు ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద చూడండి. ఎగరడం ఆగితే రోగం తెలిసినట్టే. తర్వాత ఆ ఎర్త్ దారి తెగేలా సెన్సర్ వైపుకి ఐసొలేటెడ్ డీసీ కన్వర్టరు, డేటా లైనుకి డిజిటల్ ఐసొలేటరు వేయండి. రెండూ ఉండాలి, ఒకటే వేస్తే దారి తెరిచే ఉంటుంది.

ప్రాజెక్టు కంటే ముఖ్యమైంది: ఆ చెరువులో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపండి. స్టార్టరు దగ్గర మూడు ఫేజులూ, న్యూట్రల్ ఉంటే అదీ కలిపి ఒకేసారి లీకేజి క్లాంప్ మీటరు వేస్తే లీకు ఎంతో కనిపిస్తుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకవగానే కట్ చేసే స్విచ్) లేకుండా ఎవరినీ నీళ్లలోకి దింపొద్దండీ.

ఉండి_కాలువ:
బ్యాటరీ మీద ఎగరడం ఆగిందండీ. అడుగు బురద దగ్గర పెడితే తీగ నల్లబడుతోంది. అగర్ గొట్టంతో అది కూడా ఆగుతుందా?

అయినవిల్లి_ల్యాబ్:
ఒక్క గొట్టంతో కొన్నాళ్లే ఆగుతుంది. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్. బురదలోని హైడ్రోజన్ సల్ఫైడ్ అగర్‌లోంచి కూడా మెల్లగా లోపలికి చేరుతుంది. బయట ఇంకో గొట్టం తొడిగి 1 మోలార్ పొటాషియం నైట్రేట్ పోయండి, 100 మి.లీ.కి 10.1 గ్రాములు. బయటి ద్రావణాన్ని తరచూ మారుస్తుంటే సల్ఫైడ్ వెండిదాకా రాదు. మన వేడికి అగర్ త్వరగా కుళ్లి మెత్తబడుతుంది, బిరడా జారినట్టనిపిస్తే కొత్తది పోయండి.

గాజు ప్రోబ్‌ని 0.1 మోలార్ ఆమ్లంలో కడుగుతారు కదా అని ఐటీఓని అలా నానబెట్టొద్దు, పూత తినేస్తుంది. మెత్తటి బ్రష్షు, పలచటి సబ్బు నీళ్లు చాలు. బోర్డు మీద గేటు దారిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పు తేమ పొర కట్టిందంటే అక్కడే లీకు మొదలవుతుంది, అది రాత్రి మంచులో ఎక్కువ.

0.3 తేడా చిన్నదిగా చూడకండి. 30 డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 8.0 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం సుమారు 7.5 శాతం, 8.5 దగ్గర 20. సెన్సర్ అంకె చూసి మేత ఆపాలా, నీళ్లు మార్చాలా అని రైతు తేల్చుకుంటాడు. అందుకని రెండు గొట్టాల రిఫరెన్స్ పెట్టి, బఫర్లలో వాలు మళ్లీ తీసి, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాజు మీటరుతో పోల్చాకే ఆ అంకె ఆయనకి చూపించండి.